పాత ఫొటో కింద ‘సుమారు’ అని రాస్తే సరిపోదు

సంపాదకులకు నమస్కారం.

మీ జిల్లా అనుబంధంలో పాఠకులు పంపే పాత ఫొటోలు వేస్తున్నారు, సంతోషం. వాటి కింద రాసేదే బాగాలేదు. ‘సుమారు వందేళ్ల నాటిది’, ‘మా ముత్తాతగారి కాలం’ అని ఉంటుంది. ఆ వందేళ్లు ఎలా తేలాయో ఒక్క ముక్క ఉండదు. ఊరి చరిత్ర రాసేవాళ్లకి అలాంటి ఫొటో పుస్తకంలో బొమ్మగా పనికొస్తుందేమో గానీ ఆధారంగా పనికిరాదు. పైగా పత్రికలో పడిన తేదీ కదా అని రేపు మరొకరు దాన్నే ఎత్తి రాస్తారు. ఒక సంవత్సరం తేల్చి చెప్పడం కన్నా ‘ఫలానా ఏడాది తర్వాత, ఫలానా ఏడాది లోపు’ అని రెండు హద్దులు చెప్పి, వాటికి కారణం రాయడం మేలు.

ముందు ఫొటో తిరగేయాలి. చాలామంది ముందు వైపు మాత్రమే సెల్‌ఫోన్‌తో తీసి పంపుతారు, సగం ఆధారం వెనకే ఉండిపోతుంది. కాగితం వెనక ‘ఆగ్ఫా గేవర్ట్’ అని కలిపి ఉంటే అది 1964 తర్వాతి కాగితం, ఆ రెండు కంపెనీలు కలిసింది అప్పుడే. ‘ఇందు’ అని ఉంటే ఊటీలోని హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ సరుకు. అక్కడ ఉత్పత్తి మొదలైంది 1967లో. స్టూడియో రబ్బరు స్టాంపులో ఆరంకెల పిన్‌కోడు ఉంటే 1972 ఆగస్టు 15 తర్వాతిది. పిన్‌కోడు లేనంత మాత్రాన ముందుదని కాదు, స్టాంపు అరిగేదాకా మార్చని స్టూడియోలు ఎన్నో. జిల్లా పేరూ ఉపయోగపడుతుంది. ఒంగోలు జిల్లా 1970లో ఏర్పడి 1972లో ప్రకాశం జిల్లా అయింది. కాబట్టి ‘ఒంగోలు జిల్లా’ అన్న ముద్ర దొరికితే 1970కి ముందు కాదని ఖాయం. అటువైపు హద్దును మాత్రం 1972 దగ్గరే గీయకుండా కాస్త వదులుగా ఉంచాలి.

మందపాటి అట్టకు అంటించిన పల్చటి గోధుమరంగు ఫొటోలు ఇంకా పాతవి. పదింతలు పెద్దగా చూపే భూతద్దం కింద బొమ్మలోంచే కాగితం పీచు కనిపిస్తే అది కోడిగుడ్డు తెల్లసొనతో చేసిన కాగితం కావచ్చు. ఆ రకం ఎక్కువగా 1900కు ముందే వాడారు. నల్లటి భాగాల్లో, అంచుల దగ్గర నీలివెండి మెరుపు తేలితే జెలటిన్ పూత కాగితం, దాదాపుగా 1890ల తర్వాతిది. సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపిన ఫొటోగ్రాఫర్ లాలా దీన్ దయాళ్ పేరున్న అట్టలు కొన్ని ఇళ్లలో ఇంకా ఉన్నాయి. ఆయనకు నిజాం ‘రాజా’ బిరుదు ఇచ్చింది 1894లో, ఆయన పోయింది 1905లో. అట్ట మీద ‘రాజా’ ఉంటే 1894 తర్వాతిదనుకోవచ్చు. కానీ కొడుకులు స్టూడియో నడిపారు కనుక, పేరుంది కదా అని దీన్ దయాళే తీశాడనడం కుదరదు.

అసలు చిక్కు ‘ఎన్‌లార్జ్‌మెంట్’ దగ్గర వస్తుంది. మన ఇళ్లలో గోడకు దండ వేసి ఉన్న పెద్ద ఫొటోల్లో చాలావాటికి ఆ మనిషిని విడిగా కూర్చోబెట్టి తీసిన అసలు ఫొటో అంటూ ఉండదు. మనిషి పోయాక పాత గ్రూపు ఫొటోలోంచి ముఖం మాత్రం తీసుకుని, స్టూడియోవాళ్లు పెద్దది చేసి, కోటు గీసి, వెనక తెర గీసి, పెన్సిలుతో కళ్లు దిద్ది ఇచ్చేవారు. బొట్టూ నగలూ కూడా కుంచెపనే కావచ్చు. అంటే కాగితం వయసు ఒకటి, ముఖం వయసు ఇంకొకటి. గుర్తుపట్టడానికి ఫొటోను కిటికీ వెలుతురులో ఏటవాలుగా పట్టి చూడాలి. మడతలు, గీతలు కనిపిస్తున్నా వెలుతురులో ఉపరితలం నున్నగా ఉంటే, అవి అసలు ఫొటో మీదివి, నకలులో బొమ్మగా పడ్డాయన్నమాట. ముఖం మసకగా, కోటు అంచు కత్తిరించినట్టు పదునుగా ఉన్నా అనుమానించాలి. అలాంటి ఫొటోకి రెండు తేదీలు రాయాలి: ముఖం ఎప్పటిది, నకలు ఎప్పటిది.

కోటు, చేతిగడియారం, బల్ల మీద రేడియో, చేతిలో పుస్తకం చూసి ‘మా తాత ఆ రోజుల్లోనే బాగా చదువుకున్నాడు’ అనేయడం మరో పొరపాటు. అవి స్టూడియో సామాను అయ్యుండవచ్చు. దాన్నీ ఆధారంగా వాడుకోవచ్చు. ఒకే తెర, ఒకే కుర్చీ, ఒకే గళ్ల నేల ఊళ్లోని నాలుగు ఇళ్ల ఫొటోల్లో కనిపిస్తే, వాటిలో ఏ ఒక్కదానికి తేదీ తెలిసినా మిగతా మూడూ ఆ చుట్టుపక్కలకి వస్తాయి. ఈ పని ఒక ఇంటివాళ్ల వల్ల కాదు, పత్రిక వల్ల అవుతుంది.

నెగెటివ్‌ను తిరగేసి కడిగిన ఫొటోలూ ఉంటాయి. జంధ్యం కుడి భుజం మీద, చొక్కా జేబు కుడివైపు, పవిట కుడి భుజం మీద ఉంటే ఒకసారి ఆగి చూడాలి. పితృకార్యంలో జంధ్యం కుడి భుజం మీదికే మారుతుంది, కనుక ఆ ఒక్కటీ చూసి తేల్చేయకూడదు. వెనక గోడ మీద అక్షరాలుంటే అనుమానం క్షణంలో తీరుతుంది.

పెళ్లి ఫొటోకి శుభలేఖ దొరికితే పండగే, కానీ అక్కడా జారిపడే చోటు ఉంది. ‘విజయ నామ సంవత్సరం’ అంటే 1953 అని రాసేస్తారు. ఉగాదితో మొదలైన ఆ సంవత్సరంలో మాఘ, ఫాల్గుణాలు వచ్చేది 1954లో. అదే విజయ అరవై ఏళ్ల ముందు 1893లోనూ ఉంది. తిథితో పాటు వారం కూడా ఉంటే పంచాంగంతో సరిచూడవచ్చు. తెలంగాణ కాగితాల్లో ఫసలీ, అంటే శిస్తు లెక్కలకు వాడిన సంవత్సరం, కనిపిస్తుంది. నిజాం రాజ్యంలో ఆ ఏడాది అక్టోబరులో మొదలయ్యేది, కనుక ఇంగ్లీషు సంవత్సరం రావాలంటే ఫసలీ అంకెకు డిసెంబరు దాకా 590, జనవరి నుంచి 591 కలపాలి. ఫసలీ 1350 అంటే 1940 అక్టోబరు నుంచి 1941 అక్టోబరు దాకా. కోస్తా రెవెన్యూ కాగితాల్లో ఫసలీ జూలై 1న మొదలవుతుంది, రెండూ కలిపేయకండి.

గ్రూపు ఫొటోలో పెద్దల వయసు అంచనా వేయడం కష్టం, పసిపిల్లలది సులువు. ఇంకా కూర్చోలేక ఒళ్లో వాలి ఉన్న బిడ్డ, ముందు పళ్లు ఊడిన ఏడేళ్ల పిల్లాడు తేదీని ఏడాది రెండేళ్లలోకి తెచ్చేస్తారు. అయితే పిల్లల పుట్టినరోజుకి స్కూలు సర్టిఫికెట్‌ను నమ్మకండి, బడిలో చేర్చేటప్పుడు మాస్టారు వేసిన తేదీలు కోకొల్లలు. జాతకం కాగితం నయం. అదీ లేకపోతే ఏదైనా పెద్ద సంఘటన పట్టుకుని అడగాలి. ‘ఏ సంవత్సరం?’ అంటే చెప్పలేని పెద్దావిడ, ‘దివిసీమ ఉప్పెనకి ముందా తర్వాతా?’ అంటే ఠక్కున చెబుతుంది. అది 1977 నవంబరు 19.

ఫొటోలో కాస్త వీధి కనిపిస్తే అదీ వదలకండి. ట్యాంక్‌బండ్ నేపథ్యంలో హుస్సేన్‌సాగర్ బుద్ధుడు నిలబడి ఉంటే 1992 డిసెంబరు తర్వాతిది. గోడ మీద సైకిల్ గుర్తుతో తెలుగుదేశం రాతలుంటే 1982కి ముందుది కాదు. బండి నంబరులో ‘ఏపీ’ తర్వాత రెండంకెల జిల్లా సంఖ్య ఉంటే 1989 తర్వాతిది.

పేర్ల సంగతి. ‘ఎడమ నుంచి రెండో ఆయన బాబాయి’ అని రాస్తే ఎవరి బాబాయి? ఇంటిపేరుతో పూర్తి పేరు, ఊరు, ఫలానా వారి రెండో కొడుకు అని ఉండాలి. తాత పేరే మనవడికి పెట్టే మనకి ఇది మరీ అవసరం. ఎడమ అంటే చూసేవారి ఎడమ అని కూడా రాయాలి. చెప్పిన వారెవరో, ఎప్పుడు చెప్పారో ఒక వాక్యం చేర్చాలి. రాసేటప్పుడు బాల్‌పెన్ను వద్దు, ఒత్తిడికి అచ్చు ముందువైపు ఉబ్బుతుంది, సిరా ఇంకుతుంది. మెత్తటి పెన్సిలుతో అంచు దగ్గర రాయాలి. నున్నటి ప్లాస్టిక్ పూత కాగితం మీద పెన్సిలు పట్టకపోతే కవరు మీద రాసి ఫొటో అందులో ఉంచాలి.

దయచేసి పాత ఫొటోలకు లామినేషన్ చేయించవద్దని మీ పత్రికలో ఒక్కసారి పెద్దక్షరాల్లో వేయండి. ఆ వేడికి అంటుకున్న ప్లాస్టిక్ మళ్లీ ఊడిరాదు, వెనక రాతకి ఇంకేదీ చేర్చలేం. ఫ్రేములో అద్దానికి అతుక్కుపోయిన ఫొటోను లాగినా జెలటిన్ పొర అద్దానికే ఉండిపోతుంది, కనుక దాన్ని అద్దంతోనే ఫొటో తీయాలి. ముఖాలు ‘శుభ్రం’ చేసే యాప్‌ల బొమ్మలు మాకొద్దు. లేని కళ్లూ లేని పళ్లూ అవే తయారుచేస్తాయి.

మీ శీర్షిక కింద పాఠకులను అడగవలసినవి ఇవీ: ముందు వెనక రెండు వైపులా 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు) స్కాన్, పోస్టుకార్డు కన్నా చిన్నదైతే 1200, అంగుళాల్లో పొడవు వెడల్పులు, ఏ ఊళ్లో ఎవరింట్లో ఉందో, పేర్లు చెప్పిన మనిషి వివరం. అచ్చు వేసేటప్పుడు తేదీ పక్కనే దాని కారణం ఒక్క వాక్యంలో వేయండి. స్టూడియో పేరు కనిపించిన ప్రతిసారీ దాన్నీ వేయండి, అదే తెర ముందు కూర్చున్న ఇంకో కుటుంబం రెండు వారాల్లో మీకు ఉత్తరం రాయవచ్చు.

ఇట్లు,
స్థానిక చరిత్ర మీద ఆసక్తి ఉన్న ఒక పాఠకుడు, గుంటూరు