చేనేత సంఘం వార్షిక నివేదిక: ఒక చీర చుట్టూ గడిచిన ఏడాది

సభ్యులందరికీ నమస్కారం.

ఆగస్టు 7న జాతీయ చేనేత దినోత్సవం జరుపుకున్నాం. నూలు బకాయిలు చాలావరకు తీర్చాం. రంగుల షెడ్డు పైకప్పు బాగు చేయించాం. జమాఖర్చుల పట్టిక కార్యాలయం గోడకు అంటించాం, తీరిగ్గా చూసుకోండి. కార్యవర్గానికి ఎక్కువ పొద్దు పోయింది మాత్రం ఒక్క చీర గురించి.

మన యువ సభ్యుడొకరు గ్రాఫు కాగితం మీద గళ్లు నింపుతూ వారాల తరబడి కూర్చుని కొత్త నమూనా గీశారు. ఇంటిల్లిపాదీ చిటికి కట్టారు, అంటే రంగు అంటకూడని చోట దారానికి కట్లు బిగించారు. చీర మగ్గం దిగిన రోజే ముచ్చటపడి ఫోటో తీసి అందరికీ పంపారు. నెల తిరగకముందే అదే నమూనా నగరంలోని ఒక దుకాణంలో ప్రింటు చీరగా వేలాడింది, పైగా ‘పోచంపల్లి’ అన్న చీటీతో. కొని తెచ్చి సమావేశంలో తిరగేసి చూశాం. వెనకవైపు రంగు వెలిసినట్టుంది, గళ్ల అంచులు కత్తితో కోసినట్టున్నాయి. మన చీరకు రెండు వైపులా ఒకటే రంగు, అంచుల్లో దారం కాస్త చెదిరిన జాడ. మనకు ఆ జాడ చాలు, కొనేవారికి చాలదు.

దుకాణానికి నోటీసు పంపాం. చీటీ తీసేశారు, చీర తీయలేదు! ప్రాంతాన్ని బట్టి పేరొచ్చిన సరుకుల కోసం భౌగోళిక గుర్తింపు (జీఐ) చట్టం 1999లో వచ్చి 2003 సెప్టెంబరు 15 నుంచి అమల్లో ఉంది. పోచంపల్లి ఇక్కత్‌కు, అంటే దారానికి కట్లు కట్టి రంగులద్ది నేసే మన బట్టకు, ఆ రక్షణ ఉంది, పదేళ్లకోసారి పొడిగించుకోవచ్చు. అది కాపాడేది పేరును. నమూనాకు 2000 నాటి డిజైన్ల చట్టం కింద పదేళ్లు, ఆపైన మరో అయిదేళ్లు రక్షణ దొరుకుతుంది. కానీ దరఖాస్తుకు ముందే బయటపడిన నమూనా కొత్తది కాదు. ఆ ఫోటోతోనే దారి మూసుకుపోయింది.

దీంతో పాత నమూనాలన్నీ సంఘం పేర రాయించుకుందామని కొందరు పట్టుబట్టారు. కార్యవర్గం ఒప్పుకోలేదు, నేనూ ఒప్పుకోలేదు. ఈ విద్య మన ప్రాంతానికి చీరాల నుంచి వచ్చింది. నాడు చీరాలవారు తాళం వేసుకుని ఉంటే మన మగ్గాల మీద ఏం నేసేవాళ్లం? గుజరాత్‌లోని పటాన్‌లోనూ ఒడిశాలోనూ దారానికి కట్లు కట్టి రంగులద్దుతున్నారు, వారినీ ఆపుతామా?

ఆసు యంత్రం మాటా వచ్చింది. ఆసు అంటే చిటికి కట్టే ముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పి చుట్టే పని. తల్లి రోజంతా ఆసు పోస్తూ భుజాల నొప్పితో బాధపడటం చూడలేక చింతకింది మల్లేశం 1999లో ఆ యంత్రం తయారు చేశారు. ఒక్కో చీరకు నాలుగైదు గంటల పని గంటన్నరకు తగ్గింది. 2011లో పేటెంట్, 2017లో పద్మశ్రీ వచ్చాయి. పేటెంట్ ఉంటే యంత్రం ఖరీదు పెరుగుతుందని ఒక సభ్యుడి వాదన, అది కొట్టిపారేసేది కాదు. అయితే పేటెంటుకు ఇరవై ఏళ్ల గడువుంది, తర్వాత ఎవరైనా చేసుకోవచ్చు. తాతల నాటి గళ్లకు గడువు లేని హక్కు అడగడం వేరు.

భౌగోళిక గుర్తింపు కింద అధీకృత వినియోగదారుగా, అంటే ఆ పేరు వాడుకునే హక్కున్నవారిగా, నమోదు రుసుమును 2020లో పది రూపాయలకు తగ్గించారు. అయినా మనలో చాలామంది నమోదు కాలేదు. దరఖాస్తులు నింపిపెట్టడానికి ప్రతి ఆదివారం ఉదయం కార్యాలయంలో ఒకరు ఉంటారు. కొత్త నమూనా గీసినవారు గ్రాఫు కాగితం తీసుకుని రండి. ఫోటో మాత్రం అప్పుడే ఎవరికీ పంపకండి.

— కార్యదర్శి