మూడు మంగళవార్తలు అందరికీ సరిపోతాయా?

ఎడిటర్ గారికి నమస్కారం,

మొన్న ఆదివారం మీ ఉత్తరాల పేజీలో ఒకాయన రాశాడు, ఆర్సీఎం, అంటే రోమన్ కేథలిక్, గుళ్ళో పాపసంకీర్తనానికి (ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకునే కన్ఫెషన్‌కి) పోతే పాపాలకి రేట్లు కడతారంట, అబద్ధానికి ఇన్ని మంగళవార్తలు (మరియమ్మకి చెప్పే చిన్న జపం) దొంగతనానికి అన్ని అని ఫాదర్ల దగ్గర లిస్టు ఉంటదంట, అవి చదివేసుకుంటే లెక్క క్లియర్ అంట. నేను పుట్టినకాడ్నుంచి ఆర్సీఎం, మా తాత ఉపదేశిగా చేశాడు, నాకిప్పుడు యాభై దాటింది. చదివాక కోపం వచ్చిన మాట నిజమే గానీ రెండు రోజులు ఆలోచిస్తే ఆయన్ని పూర్తిగా తప్పు పట్టలేకపోయా, ఎందుకంటే ఆ లిస్టులు ఒకప్పుడు నిజంగానే ఉండేవి.

మొదట్లో, అంటే క్రీస్తు తర్వాత మొదటి కొన్ని వందల ఏళ్ళలో, ఇది ఇంకా ఘోరం. హత్య, వ్యభిచారం, విశ్వాసం వదిలేయడం లాంటి పెద్ద పాపం చేసినోడు గోనెగుడ్డ కట్టుకుని, బూడిద పోసుకుని అందరూ చూస్తుండగా ఏళ్ళ తరబడి ప్రాయశ్చిత్తం చెయ్యాల, అదీ జన్మకి ఒక్కసారే చాన్సు. దానికి భయపడి జనం చావబోయే ముందు దాకా ఆపుకునేవాళ్ళు. తర్వాత 6వ శతాబ్దం నుంచి ఐర్లాండ్ సన్యాసులు చిన్న చిన్న పుస్తకాలు రాసుకున్నారు, ఫలానా పాపానికి ఇన్ని రోజులు రొట్టె నీళ్ళ మీద ఉండాల, ఫలానా దానికి ఇన్నేళ్ళు అని. మీ పాఠకుడు చెప్పిన రేట్లు ఇవే. కాకపోతే ఆయన వెయ్యేళ్ళు లేటుగా రాశాడు.

ఇప్పుడు ఫాదర్ల దగ్గర అట్టాంటి పుస్తకం ఏదీ లేదు. 1983లో వచ్చిన తిరుసభ (కేథలిక్ సంఘం) చట్టంలో 981వ నంబరు కింద ఉండేది రెండు మాటలే. పాపం ఎట్టాంటిది, ఎన్నిసార్లు చేశాడు అనేది చూడాల, చేసినోడి పరిస్థితి కూడా చూసి వాడికి మేలు చేసే ప్రాయశ్చిత్తం ఇవ్వాల, దాన్ని వాడే సొంతంగా చెయ్యాల, ఇంకొకరి చేత చేయించడం కుదరదు. అది జపమే అవ్వాలని లేదు, దానం కావచ్చు, పొరుగోడికి సాయం కావచ్చు, ఇష్టమైంది మానుకోవడం కావచ్చు, వచ్చిన కష్టాన్ని ఓర్చుకోవడం కూడా కావచ్చు. ఇచ్చింది మన వల్ల కాదనుకుంటే అక్కడే అడగొచ్చు, ఫాదర్ ఇది నాతో కాదు వేరేది ఇవ్వండి అని, చాలామందికి ఈ సంగతి తెలీదు, మోకాళ్ళ నొప్పులున్న ముసలోళ్ళు కూడా సిలువమార్గం (యేసు సిలువ మోసిన ఘట్టాల జపం) పద్నాలుగు స్థలాలూ మోకాళ్ళ మీద లాగుతుంటారు పాపం.

మా మేనత్త ఒకామె ఉండేది, వారం వారం పాపసంకీర్తనానికి పోయేది, వారం వారం అదే పాపం, కోడల్ని తిట్టడం. ఫాదర్లు మారారు, జపాలు పెరిగాయి, కోడలికి తిట్లు మాత్రం తగ్గలేదు. చివరికి కొత్తగా వచ్చిన ఒక ముసలి ఫాదర్ జపం ఏమీ ఇవ్వకుండా, ఇంటికిపోయి చేపల పులుసు చేసి తలకాయ ముక్క కోడలికి వెయ్యమ్మా అన్నాడంట. నెల్లూరోళ్ళకి నేను వివరం చెప్పక్కర్లేదు, పులుసులో తలకాయ ముక్క వదులుకోవడం కంటే యాభై మూడు పూసల జపమాల చెప్పడం తేలిక. ఇదంతా ఆమే చెప్పుకుని నవ్వేది, ఫాదర్ నోట్లోంచి ఒక్క మాట కూడా బయటికి రాదు, వస్తే ఆయన్ని ఆ క్షణమే తిరుసభ నుంచి వెలేసినట్టే. విన్న రహస్యం ఫాదర్ చెప్పకూడదు గానీ చెప్పుకున్నోడు తన సంగతి తాను చెప్పుకోవచ్చు. ఆ ధైర్యంతోనే నా సంగతి రాస్తున్నా.

వెనామీ రొయ్య ఊపు మీద ఉన్న రోజుల్లో నేను ఒక కొనుగోలుదారుడి తరఫున గుంటల మీద కౌంట్ పట్టే పని చేశా. తెలియనోళ్ళకి చెప్తున్నా, కేజీకి ఎన్ని రొయ్యలు తూగితే అది కౌంట్, కౌంట్ పెరిగే కొద్దీ రేటు తగ్గిపోద్ది. పట్టుబడి రోజు తెల్లారుజామున బుట్టలో శాంపిల్ తీసేటప్పుడు చిన్నవి నాలుగు ఎక్కువ పడేట్టు చెయ్యి తిప్పితే చాలు, 40 కౌంట్ రావాల్సింది 45 అని తేలిపోద్ది, నిద్రమొహంతో ఉన్న రైతు చూస్తూ చూస్తూ ఒప్పుకుంటాడు, ఐసు కరిగిపోతా ఉంటది గదా. పైన సేఠ్‌కి లాభం, నాకు ఇంత అని చేతిలో పెట్టేవాడు. రెండు సీజన్లు ఇట్టా నడిచింది. ఆ టైంలో కూడా నేను ఈస్టర్‌కి ఈస్టర్‌కి కన్ఫెషన్‌కి పోతానే ఉన్నా, పూజ ఎగ్గొట్టా, అబద్ధాలాడా, వ్యాపారంలో కొంచెం అటూ ఇటూ చేశా అని గబగబా చెప్పేసేవాణ్ణి, మూడు మంగళవార్తలు ఇచ్చేవాళ్ళు, బెంచీ మీద కూర్చోకముందే అయిపోయేవి.

ఈస్టర్ ముందు వచ్చే తపస్సుకాలంలో ఒకసారి వేరే ఊళ్ళో ఒక ఫాదర్ దొరికాడు. కొంచెం అంటే ఎంత బాబూ అని అడిగాడు. అంతే, ఆ ఒక్క ప్రశ్న. నాకు నోట తడారిపోయింది. ఎంతమంది రైతులు, నీ చేతికి ఎంత వచ్చింది, వాళ్ళిప్పుడు ఎట్టా ఉన్నారు అని మెల్లగా అడుగుతూ పోయాడు, గొంతు పెంచలా. తిరిగిచ్చే మనసుందా అన్నాడు, ఉంది ఫాదర్ అన్నా, అప్పుడు పాపవిమోచనం చెప్పి, నీకు జపాలు వద్దు, ఆ డబ్బు వాళ్ళకి చేరాల, నీ పేరు తెలియక్కర్లేదు, డబ్బు చేరితే చాలు అన్నాడు. క్షమాపణ దొరికినా పాపం వల్ల జరిగిన నష్టం దానంతటది పూడిపోదని, దొంగిలించింది దొంగిలించినోడే తిరిగివ్వాలని చిన్నప్పుడు సత్యోపదేశంలో చదువుకున్నదే, ఎప్పుడూ నామీదకి వస్తదనుకోలా.

చిట్టీ పాడి ఒకరికి, బండి అమ్మి ఇంకొకరికి, అట్టా ఏడాదిన్నర పట్టింది. నేను మోసం చేసిన నలుగురు రైతుల్లో ఒకాయన గుంటలు మునిగి ఎటో వెళ్ళిపోయాడు, అడ్రసు దొరకలా, ఫాదర్‌ని అడిగితే ఆ వాటా పేదలకి ఇచ్చెయ్యమన్నాడు, ఒక వృద్ధాశ్రమంలో బియ్యం వేయించా. చిట్టీ డబ్బులేం చేశావని ఇంట్లో అడిగితే అబద్ధం చెప్పా, మళ్ళీ దానికో కన్ఫెషన్!

ఒంగోలు నుంచి మా బావమరిది వస్తుంటాడు, వాళ్ళు బాప్టిస్టులు, 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2222 మంది బాప్తిస్మం తీసుకున్నారు గదా, వాళ్ళ ముత్తాత అందులో ఒకడని చెప్పుకుంటాడు. దేవుడికీ మనిషికీ మధ్యలో ఫాదర్ ఎందుకు బావా, నేను నేరుగా చెప్పుకుంటా అంటాడు. నేనూ ఆ రెండేళ్ళు నేరుగా కూడా చెప్పుకున్నానబ్బా, దేవుడు నన్ను ఎంత అని అడగలేదు మరి. బావమరిది దానికి నవ్వేసి ఊరుకుంటాడు, వాళ్ళ దారి వాళ్ళది.

నా బాధల్లా మావాళ్ళ మీదే. పవిత్రవారం వచ్చిందంటే లైన్లో రెండొందల మంది, ఇద్దరు ఫాదర్లు, మనిషికి రెండు నిమిషాలు, తమ్ముణ్ణి కొట్టిన పిల్లోడికీ మూడు మంగళవార్తలే, తమ్ముడి పొలం రాయించుకున్న అన్నకీ మూడు మంగళవార్తలే. బయటికొచ్చాక పిల్లలు నీకెన్ని నాకెన్ని అని పోల్చుకుంటుంటారు. 1551లో త్రెంతు మహాసభే (కేథలిక్ బిషప్పుల పెద్ద సభ) చెప్పింది, పెద్ద పాపానికి మరీ తేలిక ప్రాయశ్చిత్తం ఇచ్చే ఫాదర్ ఆ పాపంలో తానూ భాగస్తుడు అవుతాడని. అట్టాగని బరువు పెంచుకుంటూ పోతే మేలని కూడా నేను అనను. ఫ్రాన్సులో ఆర్స్ ఊరి ఫాదర్ వియాన్నీ గారు రోజుకి పదహారు గంటలు దాకా పాపసంకీర్తనాలు విన్న మనిషి, జనానికి చిన్న ప్రాయశ్చిత్తం ఇచ్చి మిగతాది తాను చేసేవాడంట. పైగా ఫాదర్లకి ఇంకో చిక్కుంది, పెద్ద ప్రాయశ్చిత్తం ఇస్తే వాడు గంటసేపు మోకాళ్ళ మీద ఉంటే వెనక బెంచీలో వాళ్ళు లెక్కలేసేస్తారు, ఏదో పెద్దదే చేసుంటాడు అని. రహస్యం అట్టా కూడా బయటపడొద్ది. ఆ ఫాదర్ నా పేరు తెలియక్కర్లేదు అనడం ఎందుకో నాకు అర్థం కావడానికి టైం పట్టింది.

అందుకని మా గుళ్ళ ఫాదర్లని నేను అడిగేది చిన్నదే. తపస్సుకాలం ఆరు వారాలుంది, అది మొదలయ్యే విభూది బుధవారం నుంచే వారానికి రెండు సాయంత్రాలు కన్ఫెషన్ టైం అని నోటీసు పెట్టండి, పవిత్ర శుక్రవారం (గుడ్ ఫ్రైడే) తోపులాట తగ్గుద్ది, ఫాదర్‌కి ఒక్క ప్రశ్న అడిగే తీరిక దొరుకుద్ది.

ఎడిటర్ గారూ, ఉత్తరం వేస్తే నా పేరూ ఊరూ వెయ్యొద్దు. ఆ రైతుల్లో ఒకాయన టీ కొట్టు దగ్గర కనపడినప్పుడల్లా, అప్పట్లో ఎవరో కవర్లో డబ్బులు పంపారబ్బయ్యా, ఎవరై ఉంటారంటావ్ అని నన్నే అడుగుతుంటాడు. ఆయన తెప్పించేది మీ పేపరే.

ఇట్లు,
ఒక పాఠకుడు,
నెల్లూరు జిల్లా