కషాయం సరే, ముందు రక్తపరీక్ష చేయించండి

సంపాదకులకు నమస్కారం.

మా ఉదయగిరి వైపు చలిజ్వరం, అంటే మలేరియా వస్తే చాలామంది ఇళ్లలో ముందు పొయ్యి మీదికెక్కేది నేలవేము కషాయమే. వేళ్లతో సహా పీకి కట్టలు కట్టి అమ్ముతారు, ఆకు కొరికితే ఆ చేదు అన్నం తిన్నా పోదు. ఆ మొక్కంటే నాకు గౌరవమే. అసలు మలేరియాకి గొప్ప మందులు చెట్ల నుంచి వచ్చినవే కదా, 1820లో సింకోనా బెరడు నుంచి క్వినైన్ తీశారు, 1972లో మన మాచిపత్రి జాతి మొక్క ఒకదాని నుంచి చైనాలో తు యూయూ బృందం ఆర్టెమిసినిన్ తీసింది, ఆవిడకి 2015లో నోబెల్ వచ్చింది.

కానీ ఆవిడ ఏం చేశారో చూడండి. ఆకుని మరిగించి తీస్తే మందు సరిగా పనిచేయలేదు. పదహారు వందల ఏళ్ల నాటి పుస్తకంలో ఆకుని నీళ్లలో నానబెట్టి పిండి తాగమని ఉంటే, వేడికి గుణం పోతోందేమోనని తట్టి, తక్కువ వేడికే మరిగే ఈథర్ అనే ద్రవంతో తీశారు, అప్పుడు పనిచేసింది. మరి మనం గంటసేపు కాచిన కషాయంలో ఏం మిగిలిందో ఎవరు కొలిచారు? నేలవేములో, వేపలో ఉన్న కొన్ని పదార్థాలు ల్యాబ్‌లో మలేరియా క్రిమి మీద పనిచేసిన మాట నిజమే, మనిషికి ఎంత మోతాదు కావాలో తేలాలి కదా. ఆర్టెమిసినిన్ ఉన్న ఆ ఆకు టీని కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థ వద్దంటోంది, ఒక్కో మొక్కలో మందు ఒక్కోలా ఉంటుంది, చాలీచాలని మోతాదు పడితే క్రిమి మొండికేస్తుంది.

ఇంకోటి, వైవాక్స్ రకం మలేరియా జ్వరం రోజు విడిచి రోజు వస్తుంది. ఒళ్లు చల్లబడిన రోజు కషాయం పనిచేసిందని సంబరపడతారు, మర్నాడు మళ్లీ వణుకు. పైగా ఆ క్రిమి కాలేయంలో దాక్కుని నెలల తర్వాత కూడా తిరగబెడుతుంది, అందుకే ప్రిమాక్విన్ అనే మాత్రలు 14 రోజులు ఇస్తారు (గర్భిణులకు ఇవ్వరు, డాక్టర్ చెబితేనే వేసుకోవాలి). అదే ఫాల్సిపేరమ్ రకం మలేరియా అయితే మెదడుకెక్కి ప్రాణం తీయగలదు, రెండు రోజులు ఆగి చూద్దాం అనుకునే జ్వరం కాదది.

వేలి మీద ఒక చుక్క రక్తంతో అరగంటలోపే తేలిపోతుంది, ప్రభుత్వ ఆసుపత్రిలో పైసా అడగరు. జిల్లా మలేరియా అధికారులకు నా విన్నపం, కొండ కింది పల్లెల్లో ఆశా కార్యకర్తల దగ్గర ఈ పరీక్ష కిట్లు వానాకాలం అంతా అయిపోకుండా చూడండి, మలేరియా తగ్గిస్తుందని చీటీ అంటించి మొక్కల పొడి అమ్మేవాళ్లను ఆపండి.

– ఒక పాఠకుడు, ఉదయగిరి, నెల్లూరు జిల్లా