రికార్డు నింపితే సైన్సు వచ్చినట్టేనా?

సంపాదకుడు గారికి,

నమస్కారం. మా పర్లాకిమిడిలో పిల్లల సైన్సు రికార్డులు చూస్తుంటే బాధేస్తోంది. ఈమధ్య మా పక్కింటి తొమ్మిదో తరగతి అమ్మాయి, ఆకులో పిండిపదార్థం ఉందో లేదో చూసే ప్రయోగం రాసుకుంటోంది. ఆకును స్పిరిట్‌లో ఉడికించడం, అయోడిన్ చుక్కలు వెయ్యడం, నీలినలుపు రంగు రావడం అన్నీ గుండ్రటి అక్షరాల్లో ఉన్నాయి. "ప్రయోగం చేశారా అమ్మా?" అంటే, "లేదు తాతగారూ, అక్క రికార్డు చూసి ఎక్కిస్తున్నాను" అంది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. బట్టీ పట్టడానికే వీళ్ళ ఓపికంతా అయిపోతోంది, ఇక ప్రశ్నలేం అడుగుతారు?

ప్రశ్న అడగడం రాకపోతే ప్రాణాలకే ముప్పు. కామెర్లు రాగానే పసరు మందుకి పరిగెడతాం. తగ్గితే పసరు మహిమ అంటాం. కలుషితమైన నీటితో వచ్చే హెపటైటిస్-ఎ కామెర్లు చాలామందికి ఏ మందూ వాడకపోయినా కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి. మరి పసరు తాగనివాళ్ళకి ఎన్నాళ్ళకి తగ్గింది? తాగినా తగ్గక పెద్దాసుపత్రికి పోయినవాళ్ళెందరు? ఆ లెక్క రాసినవాళ్ళున్నారా? పిత్తనాళంలో రాయి అడ్డుపడి వచ్చిన కామెర్లయితే, పసరు తాగుతూ పోగొట్టుకున్న రోజులు ప్రాణం మీదికి తెస్తాయి. పదో తరగతి దాటిన ప్రతి పిల్లకీ పిల్లాడికీ ఈ ప్రశ్నలు నోటికి రావాలి.

మలేరియా మన గజపతి, రాయగడ జిల్లాలకి కొత్త కాదు. దోమ కడుపులో మలేరియా క్రిమిని రొనాల్డ్ రాస్ కనిపెట్టింది 1897లో, మన సికింద్రాబాదులోనే. లార్వాల నుంచి తాను పెంచిన దోమలనే ఆయన రోగిని కుట్టనిచ్చాడు. బయట దొరికిన దోమలు ఎందుకు పనికిరావు? క్లాసులో ఈ ఒక్క ప్రశ్న వేసి, పిల్లల్ని కాసేపు వాదించుకోనివ్వండి. అవి అంతకుముందు ఎవరిని కుట్టాయో తెలియదు కదా అని వాళ్ళే తేలుస్తారు.

వైజ్ఞానిక దృక్పథం పెంపొందించుకోవడం పౌరుడి విధి అని రాజ్యాంగం 51ఎ అధికరణం చెబుతోంది. విద్యాశాఖ అధికారులకు నా విన్నపం ఒకటే. ఫిబ్రవరి 28న సైన్స్ దినోత్సవానికి ఉపన్యాస పోటీలు ఇక చాలించండి. అమావాస్యనాడు విత్తకూడదంటారు కదా, ఒకే సంచిలోంచి తీసిన పెసలు అమావాస్యకి వంద, పౌర్ణమికి వంద, ఒకే మట్టిలో పిల్లల చేత వేయించండి. మొలకలు లెక్కపెట్టి, వచ్చిన అంకెనే రికార్డులో రాయనివ్వండి. అనుకున్నట్టు రాలేదని మార్కులు కొయ్యకండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా