పార్వతిని ఎవరడిగారు?

సంపాదకులకు నమస్కారం.

మన భాషలో ప్రేమించి భంగపడి గడ్డం పెంచినవాడల్లా దేవదాసే. పార్వతి పేరు మాత్రం ఏ సామెతకూ ఎక్కలేదు. మొన్న తిరుపతిలో నలుగురం కూర్చుని బెంగాలీ రచయిత శరత్ 'దేవదాసు' నవల గురించి మాట్లాడుకున్నప్పుడూ అంతే. గంటసేపు దేవదాసుగారి తాగుడు మీద జాలిపడ్డాం, ఆమె వంతు వచ్చేసరికి టీ వచ్చింది.

1917లో అచ్చయిన ఆ పుస్తకంలో పెళ్ళి మాట వచ్చేనాటికి పార్వతికి పదమూడేళ్ళు. పొరుగింటివాళ్ళనీ, పిల్లకు డబ్బు తీసుకునే వంశమనీ దేవదాసు ఇంటివాళ్ళు సంబంధం కాదన్నారు. అర్ధరాత్రి ఆమే అతని దగ్గరికి వెళ్ళి అడిగింది. ఆ కాలపు పిల్ల! అతను తేల్చుకోలేక కలకత్తా వెళ్ళి ఉత్తరం రాశాడు. తిరిగి వచ్చాక ఆమె నిలదీస్తే గాలం కర్రతో నుదుటి మీద కొట్టాడు. ఆమె చివరికి ఎదిగిన పిల్లలున్న జమీందారుకు రెండో భార్యగా వెళ్ళింది. అందరూ విషాద ప్రేమకథ అంటారు, నాకు ఆ గాలం కర్రే గుర్తుంటుంది.

ఇది పాతకాలపు వంగదేశం ముచ్చట అనుకోలేను. చిత్తూరు వైపు పల్లె బడిలో పాఠాలు చెప్పేటప్పుడు, పదో తరగతి పరీక్షలు రాసిన పిల్ల ఒకతె పసుపు రాసిన శుభలేఖ తెచ్చి ఇచ్చింది. వరుడు మేనమామే. అతని పేరు పక్కన డిగ్రీ ఉంది, ఆమె పేరు ముందు చి.ల.సౌ. మాత్రమే. 'చదివిస్తామన్నారు మేడం' అని నేలచూపులు చూసింది. నేనూ అక్షింతలు వేసి వచ్చాను.

2006 చట్టం ప్రకారం బాల్యవివాహం జరిపించడం నేరం. కానీ జరిగిన పెళ్ళి చాలా సందర్భాల్లో దానంతటది రద్దు కాదు, కోర్టుకు వెళ్ళాలి. మేజరయ్యాక అందుకు రెండేళ్ళే గడువు. ఇరవై ఏళ్ళలోపు ఎంతమంది ఆడపిల్లలు పుట్టింటినీ అత్తింటినీ కాదని కోర్టు మెట్లెక్కగలరు?

పద్దెనిమిది నిండినవాళ్ళ సంగతీ అంతంత మాత్రమే. తిరుమల కల్యాణవేదికలోనూ, రిజిస్ట్రేషన్ దగ్గరా వయసు పత్రాలు చూస్తారు. పిల్లను విడిగా పిలిచి 'నీకు ఇష్టమేనా' అని అడగడం నేనెక్కడా చూడలేదు. ఇంట్లో అడుగుతారు కదా అంటారు. ఎలా అడుగుతారో తెలుసు: హాల్లో పదిమంది, చేతిలో కాఫీ పళ్ళెం, 'ఏమ్మా, ఇష్టమే కదా?' ఆ 'కదా'లోనే జవాబు ఉంది.

మన గ్రామ, వార్డు సచివాలయాల్లో మహిళా పోలీసులు ఉన్నారు. పెళ్ళి ఖాయమైన ఇంటికి వెళ్ళి, అమ్మానాన్నలు లేని గదిలో పిల్లతో పది నిమిషాలు మాట్లాడే బాధ్యత వారికి అప్పగించాలని అధికారులను కోరుతున్నాను. పద్దెనిమిది నిండని పిల్లయితే పిల్లల సహాయానికి ఉన్న 1098 ఫోన్ నంబరు కూడా అప్పుడే చెప్పి రావచ్చు. పెద్దవాళ్ళకు కోపం వస్తుందని తెలుసు. మా ఇంట్లోనూ వస్తుంది.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు, తిరుపతి