కొండపల్లి ఏనుగుని బురదలో నిలబెడతారా?

సంపాదకుడు గారికి,

మీ ఆదివారం అనుబంధం మధ్య పేజీల్లో పల్లెటూరి పాత ఆటవస్తువుల ఫొటోలు వేశారు. చూసినవాళ్లంతా బాగున్నాయనే అన్నారు. వెలుతురు బాగుంది, పొలం గట్లు బాగున్నాయి. బొమ్మలకే అన్యాయం జరిగింది. సవరణ వేస్తారేమోనని రెండు ఆదివారాలు చూశాను, రాలేదు. అందుకే ఈ ఉత్తరం.

అందరూ మెచ్చుకున్న అంబారీ ఏనుగు సంగతే ముందు చెబుతాను. తడి గట్టు మీద, కాళ్లు బురదలో దిగేలా నిలబెట్టి తీశారు. కొండపల్లి బొమ్మని తెల్లపొణికి కర్రతో చేస్తారు. ఎండిన పొణికి చాలా తేలిక, మెత్తన. నీళ్లనీ అంత తొందరగానూ పీలుస్తుంది. ఒళ్లు, తొండం, చెవులు, అంబారీ విడివిడిగా చెక్కి, రంపపు పొట్టులో చింతగింజల జిగురు కలిపిన మక్కుతో అతుకుతారు. పైన సున్నపు పూత, ఆ పైన రంగు. తడి తగిలితే మక్కు మెత్తబడుతుంది, కర్ర ఉబ్బుతుంది, సున్నం రంగుతో సహా పెళ్లలుగా లేస్తుంది. మీ ఫొటోలోనే ముందుకాలు దగ్గర తెల్లటి పగులు కనిపిస్తోంది. అది పాతదనం కాదు, నెమ్ము. అసలు కొండపల్లి బొమ్మ పొలం గట్టుకి ఎప్పుడు వెళ్లింది? దాని చోటు బొమ్మల కొలువు మెట్టు, గోడలో గూడు, అద్దాల బీరువా. పిల్లలు దుమ్ములో ఆడుకున్నవి వేరు.

నాలుగో ఫొటోలో లక్క బొంగరాలు, బుడ్డీలు ఉంటే కింద ‘కొండపల్లి బొమ్మలు’ అని వేశారు. అవి ఏటికొప్పాకవి. తేడా పట్టడం కష్టమేమీ కాదు. ఏటికొప్పాకలో అంకుడు కర్రని లేతు యంత్రం మీద తిప్పుతూ ఉలితో చెక్కుతారు కాబట్టి ఆ బొమ్మలో ప్రతి భాగమూ గుండ్రంగానే ఉంటుంది. కర్ర తిరుగుతుండగానే లక్క కడ్డీ ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకి పట్టుకుంటుంది, మొగలి ఆకుతో రుద్దితే మెరుపు వస్తుంది. ఏటికొప్పాక బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది, 2023లో ఆ ఊరి కళాకారుడు సి.వి.రాజు గారికి పద్మశ్రీ వచ్చింది, 2025 గణతంత్ర దినాన మన రాష్ట్ర శకటం మీద ఢిల్లీలో ఊరేగింది ఆ బొమ్మలే. ఇన్ని జరిగాక కూడా మన పత్రికలోనే ఊరి పేరు తప్పుపడితే ఎవరికి చెప్పుకోవాలి?

రంగుల మాట సరేసరి. ఫొటోలన్నిటికీ పాతకాలపు గోధుమరంగు ఫిల్టరు వేశారు. పసుపు కొమ్ము నుంచి వచ్చిన పసుపు, జాఫ్రా గింజల నారింజ, నీలిమందు నీలం అన్నీ కలిసి ఒకే మట్టిరంగయ్యాయి. రంగే ఆ బొమ్మ గొప్పతనం. దాన్ని చెరిపేశాక ఇంకేం మిగిలింది?

తాటిబుర్రల బండికి ముదిరి నల్లబడిన తాటిపళ్లు పెట్టారు. ఆ బండి ముంజల కాలానిది. ఏప్రిల్, మే నెలల్లో ముంజలు తీసేసిన లేత బుర్రలు రెండు, వాటి నడుమ గుచ్చిన గట్టి పుల్ల, ఆ పుల్లని తోయడానికి కొసన పంగ ఉన్న పొడుగాటి కర్ర. అంతే బండి. బుర్ర లేతది కాబట్టే పుల్ల దిగుతుంది. రెండు మూడు రోజుల్లో బుర్ర ఎండి ముడుచుకుంటుంది, బెజ్జం వదులై చక్రం ఊగుతుంది, అప్పుడు మళ్లీ కొత్త బుర్రలు. పండులో టెంకలకి పుల్ల దిగదు. అందుకే ఫొటోలో తీగతో కట్టాల్సి వచ్చింది, ఆ తీగ కనబడుతూనే ఉంది.

బొంగరానికి తాడు పైన బొజ్జ చుట్టూ చుట్టి పెట్టారు. తాడు మేకు దగ్గర మొదలై, వరస మీద వరస ఎక్కకుండా బిగుతుగా పైకి రావాలి. లేకపోతే విసరగానే జారిపోతుంది. గాలికి తిరిగే తాటాకు గిలకకి తుమ్మముల్లు ఉండాల్సిన చోట గుండుసూది ఉంది. బిళ్లంగోడు (తెలంగాణలో చిర్రగోనె) బిళ్లకి ఒక కొసే చెక్కారు. రెండు కొసలూ చెక్కాలి, చెక్కని కొస మీద కొడితే అది సరిగ్గా పైకి ఎగరదు. వామనగుంటల పీటకి పద్నాలుగు గుంటలుంటే ఫొటో కత్తిరించడంలో రెండు పోయాయి.

ఇలాంటి ఫొటోలు తీయాలనుకునే కుర్రవాళ్లు ఇప్పుడు చాలామంది ఉన్నారు, మంచిదే. వాళ్లు కొన్ని పాటించాలి. లక్క బొమ్మని మిట్టమధ్యాహ్నం ఎండలో తీస్తే తెల్లటి మచ్చలు పడతాయి. అరుగు నీడలో, ఎండ వచ్చే వైపు పల్చటి తెల్ల పంచె కట్టి తీయాలి. పక్కన తెల్లకాగితం పెట్టి ఒక ఫొటో తీసుకుంటే తరవాత రంగులు సరిచూసుకోవచ్చు. రూపాయి బిళ్ల పెట్టి ఇంకొకటి తీస్తే బొమ్మ ఎంతదో తెలుస్తుంది. కెమెరా బొమ్మ ఎత్తుకి దిగాలి. ఫోన్లో పోర్ట్రెయిట్ మోడ్ వద్దు, బొంగరం తాడు, గిలక ముల్లులాంటి సన్నటివాటిని వెనక దృశ్యంతో కలిపి అలికేస్తుంది. కెమెరా అయితే అపర్చర్ (లెన్సులో వెలుగు వచ్చే రంధ్రం) ఎఫ్ 8 దగ్గర ఉంచితే చిన్న బొమ్మ చాలావరకు స్పష్టంగా వస్తుంది. తిరిగే బొంగరాన్ని సెకనులో 1/1000 వంతులో తీస్తే నేలలో పాతినట్టుంటుంది. 1/30కి తగ్గించి, మోచేతులు నేలకి ఆనించి తీస్తే ఒంటి మీది గీతలు వలయాలై తిరుగుడు కనిపిస్తుంది. అడుగుభాగం, వెనకభాగం కూడా తీయాలి. అతుకులు, మేకులు ఉండేది అక్కడే. ఊరు, చేసినవాళ్ల పేరు, కర్ర పేరు వాళ్లనే అడిగి రాసుకోవాలి.

తప్పు మీ ఒక్కరిదే అనను. ప్రభుత్వ ప్రదర్శనల్లో గచ్చకాయల పక్కన ‘రాళ్లు’ అని చీటీ ఉంటుంది. పోస్టర్ల మీద ఏ ఊరి బొమ్మకి ఏ ఊరి పేరైనా పడుతుంది. అడిగితే చీటీలు కాంట్రాక్టరు రాయించాడంటారు. అంకుడు కర్ర దొరకడం లేదని ఏటికొప్పాకవాళ్లు ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. ఆ చెట్లు నాటించమంటే పలికే అధికారులు తక్కువ, కూడళ్లలో సిమెంటు బొమ్మలకి మాత్రం నిధులుంటాయి. పత్రికలో ఫొటో కింద ఒక్క పేరు వేయడానికి నలుగురిని అడిగి తెలుసుకునే అలవాటు ఏమైపోయింది?

వచ్చే ఆదివారం అదే పేజీలో నాలుగో ఫొటోని ఫిల్టరు లేకుండా మళ్లీ వేసి, కింద ‘ఏటికొప్పాక, అనకాపల్లి జిల్లా’ అని రాయండి. ఆ ఏనుగు ఎవరిదో వాళ్లకి కబురు చేయండి. తడిని పొడిగుడ్డతో అద్ది, ఎండలో కాకుండా నీడలో ఆరబెట్టమనండి. ఎండలో పెడితే పగులు పెద్దదవుతుంది.

ఇట్లు,
మీ పాఠకుడు
అనకాపల్లి జిల్లా