విశాఖ ఒడ్డును మా కోసం మార్చకండి: పర్యాటక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ పర్యాటక శాఖ మంత్రి గారికి నమస్కారం.

నాది హనుమకొండ. నేను మీ ఓటరును కాను, మీ రాష్ట్రంలో నాకు సెంటు భూమి కూడా లేదు. మొన్న ఫిబ్రవరిలో మా అమ్మను తీసుకుని విశాఖపట్నం వచ్చి నాలుగు రోజులు ఉండి వెళ్ళాను, అంతే. కానీ తిరిగొచ్చిన దగ్గర్నుంచి ఆ ఊరు నన్ను వదలడం లేదు. ఆఫీసులో కూర్చున్నా మనసు బీచ్ రోడ్డు మీదే తిరుగుతోంది. అందుకే ఈ ఉత్తరం.

అమ్మకు 64 ఏళ్ళు. నర్సంపేట దగ్గర పల్లెలో పత్తి చేలల్లో, మిర్చి చేలల్లో బతుకంతా గడిపిన మనిషి, సముద్రం ఎన్నడూ చూడలేదు. వరంగల్‌లో రాత్రి గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి విశాఖలో దిగాం, రూములో బ్యాగులు పడేసి నేరుగా ఆర్‌కే బీచ్‌కి నడిచాం. పొద్దున పూట ఆ రోడ్డు మీద బండ్లు ఆపేస్తారు కదా, అలల చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించలేదు. అమ్మ చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని చాలాసేపు నీళ్ళ వైపే చూసి, "అవుతలి ఒడ్డు ఏడున్నది బిడ్డా?" అని అడిగింది. అండమాన్ దాకా నీళ్ళేనమ్మా అన్నాను. ఆ తర్వాత గంటసేపు మాట్లాడలేదు.

అందరూ చూసేవి మేమూ చూశాం. కైలాసగిరి పైనుంచి ఒక పక్క రుషికొండ, ఇంకో పక్క డాల్ఫిన్స్ నోస్ కొండ. 1969 నుంచి 2001 దాకా నౌకాదళంలో పనిచేసిన కురుసుర జలాంతర్గామిలో మనిషి పట్టీపట్టని ఆ పడకలు చూసి అమ్మ "ఎవల కన్న పిల్లలో" అని చేత్తో తడిమింది. అన్నీ బాగున్నాయి. కానీ నేను ఆ ఊరిని ప్రేమించింది వీటి వల్ల కాదు, అది మీకు చెప్పాలి.

రెండో రోజు పొద్దున పెద జాలరిపేట వైపు వెళ్ళాం. అప్పుడే ఒక పడవ ఒడ్డుకు వచ్చింది. ఏడెనిమిది మంది దాన్ని భుజాలతో నెడుతూ ఇసుక మీదకి ఎక్కించారు, వల దులుపుతుంటే నెత్తళ్ళు వెండి రేకుల్లా రాలాయి, ఆడవాళ్ళు ప్లాస్టిక్ టబ్బుల్లోకి ఎత్తి అక్కడే వేలం పాట మొదలుపెట్టారు. ఒకామె పాట పాడుతూనే, వేలితో చిన్న చేపల్ని ఒక పక్కకి, కొంచెం పెద్దవాటిని ఇంకో పక్కకి ఏరుతోంది, కళ్ళు మాత్రం కొనేవాళ్ళ మొహాల మీదే ఉన్నాయి. అమ్మ వెళ్ళి ఆమె పక్కన ఇసుకలో కూలబడి "ఎంత పడ్డది చెల్లే?" అని అడిగింది. "ఏటి సేత్తాం అప్పా, నిన్న ఆయిలు డబ్బులు కూడా రాలేదు" అందామె. అమ్మ వెంటనే మిర్చి రేటు గురించి చెప్పడం మొదలుపెట్టింది. ఒకరి యాస ఒకరికి సగమే అర్థమైనా అరగంట కష్టసుఖాలు చెప్పుకున్నారు. ఆ అరగంటలోనే విశాఖపట్నం నాకు చుట్టాల ఊరైపోయింది.

సార్, ఆ చోటు మిగలాలి. పడవ ఎక్కించడానికి, వల ఆరేయడానికి, చేపలు ఎండబెట్టుకోవడానికి వాళ్ళకు ఇసుక కావాలి. ఆ ఇసుక మీద కుర్చీలు వేసి, గొడుగులు పాతి, నాలాంటి వాడి కోసం ఖాళీ చేయిస్తే నేను చూడ్డానికి వచ్చిందే ఉండదు.

మూడో రోజు జరిగింది కూడా చెప్తాను. ఒడ్డు వెంబడి నడుస్తూ వెళ్తుంటే ఒక హోటల్ ముందు ఇసుకలో కర్రలు పాతి తాడు కట్టి ఉంది. అక్కడి సెక్యూరిటీ అబ్బాయి, "ఇటు గెస్టులకే మేడమ్, అటు తిరిగి పైనుంచి పొండి" అన్నాడు. అమ్మ మోకాళ్ళ నొప్పితో ఆ మెత్తటి ఇసుకలో వెనక్కి నడిచి, మెట్లెక్కి, రోడ్డు మీద నుంచి చుట్టూ తిరిగి వచ్చింది. ఏమీ అనలేదు. కాసేపయ్యాక "సముద్రానికి గూడ గట్లు పెట్టిన్రా?" అని మాత్రం అడిగింది. గట్టు తగాదాల్లో ఎకరం పొలం పోగొట్టుకున్న మనిషి ఆ మాట అడిగితే నాకు గొంతులో ఏదో అడ్డుపడింది.

పోర్టులో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన వాకింగ్‌లో పరిచయమయ్యాడు. ఇక్కడ ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి ఒడ్డు వెంబడి నీళ్ళలోనే నడుస్తుందట, పోర్టు కట్టడాలు ఆ దారికి అడ్డం కాబట్టి అక్కడ పేరుకున్న ఇసుకను డ్రెడ్జర్‌తో తోడి మళ్ళీ ఆర్‌కే బీచ్‌లో పోస్తుంటారట. పోర్టు దేశానికి అవసరం, దాన్ని ఎవరూ కాదనరు. కానీ ఒడ్డున ఒక గోడ కడితే ఇంకోచోట ఇసుక కోసుకుపోతుందని ఇన్నేళ్ళుగా కళ్ళ ముందే కనిపిస్తున్నప్పుడు, వ్యూ కోసం నీళ్ళ అంచున ఇంకో గోడకు అనుమతి ఎందుకివ్వాలి?

రాత్రి లైట్ల సంగతి కూడా చూడండి. మేం వెళ్ళింది ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టే కాలం. గుడ్డు నుంచి బయటికొచ్చిన పిల్ల ఎటు వెలుతురుంటే అటు పాకుతుంది. ఒకప్పుడు ఆ వెలుతురు సముద్రం మీదే ఉండేది, ఇప్పుడు రోడ్డు మీద ఉంది. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు ఈ తీరంలో మరపడవలు వేటకు వెళ్ళవు, పూట గడవకపోయినా ఆగుతారు. వాళ్ళు అన్నం ముద్ద దగ్గరే ఆగుతున్నప్పుడు, ఆ కొన్ని నెలలు మన ఫ్లడ్ లైట్లు తగ్గించలేమా?

ఇక ఎర్రమట్టి దిబ్బలు. భీమిలి రోడ్డులో వాటిని చూసినప్పుడు నాకు నిజంగా ఒళ్ళు జలదరించింది. సముద్రం వెనక్కి తగ్గిన కాలంలో గాలి ఎగరేసుకొచ్చిన ఇసుక, అందులోని ఇనుము తుప్పు పట్టి ఎర్రబడి, వాన కోతలతో లోయల్లా చీలి, వేల ఏళ్ళుగా అలా నిలబడి ఉంది. మన దేశపు భూవిజ్ఞాన సర్వే సంస్థ భూవారసత్వ సంపదగా గుర్తించిన చోటు అది. అమ్మ అలవాటు కొద్దీ వంగి గుప్పెడు మట్టి తీసి వేళ్ళతో నలిపి చూసింది. అక్కడికి పిల్లల్ని తీసుకొచ్చిన ఒక టీచరమ్మ, ఇది ఒకసారి పోతే మళ్ళీ రాదండీ అంది మెల్లగా. అమ్మ ఆ గుప్పెడు మట్టి తీసిన చోటే పోసి అరచేత్తో అదిమింది. అక్కడికి కాస్త దూరంలో ఒక అంచున జేసీబీ పళ్ళ గుర్తులు అలాగే ఉన్నాయి. తవ్వినవాళ్ళు ఎవరైనా సరే, మా అమ్మ గుప్పెడు మట్టికి ఇచ్చిన విలువ వాళ్ళు ఆ దిబ్బకు ఇవ్వలేదు. దాని చుట్టూ హద్దులు గట్టిగా వేయించండి, పక్క భూములకు అనుమతులిచ్చే ముందు వాన నీరు ఎటు పోతుందో చూడండి.

ఏమీ కట్టొద్దని నా మాట కాదు. రుషికొండ బీచ్‌కు 2020లో బ్లూ ఫ్లాగ్ (శుభ్రమైన, సురక్షితమైన బీచ్‌లకు ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు) వచ్చినప్పుడు ఏ సౌకర్యాలు చూశారో, అవే శుభ్రమైన టాయిలెట్లు, బట్టలు మార్చుకునే గదులు మిగతా బీచ్‌లలో కూడా పెట్టండి. లోపలికి లాగే చోట దిగొద్దని పెద్ద అక్షరాల తెలుగులో బోర్డులు పెట్టండి. విజిల్ ఊది ఊది గొంతెండిపోయే ఆ లైఫ్‌గార్డులకు ఎండలో నిలబడడానికి ఒక నీడ ఇవ్వండి. మాకు అంతకంటే అక్కర్లేదు.

పత్తి ఏరడం అయిపోగానే మళ్ళీ పోదామంటోంది అమ్మ. ఆ చేపలమ్మే చెల్లెలికి ఇస్తానని రెండు కిలోల ఎండు మిర్చి అప్పుడే మూటగట్టి పెట్టింది. ఈసారి మేం ఒడ్డు వెంబడే నడుచుకుంటూ వెళ్తాం సార్, ఆ తాడు అక్కడ లేకుండా చూడండి.

ఇట్లు,
హనుమకొండ నుంచి వచ్చి వెళ్ళిన ఒక యాత్రికుడు